రెండు సైకిళ్లు అయ్యాయి, రక్తం ఇంకా పడిపోయింది. మందు ఆపేయమంటారా?

ప్రశ్న: మాది మంగళగిరి. మా నాన్నగారికి 67 ఏళ్లు. నలభై ఏళ్లు మగ్గం నేశారు. ఆరు నెలల కిందట నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం మొదలయ్యాయి. హిమోగ్లోబిన్ 6.8కి పడిపోతే రక్తం ఎక్కించి మూలుగ పరీక్ష చేశారు. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ (మూలుగ రక్తకణాలను సరిగ్గా తయారు చేయలేని ఒక రకం రక్త క్యాన్సర్) అన్నారు. బ్లాస్టులు, అంటే ఎదగని కణాలు, 12 శాతం ఉన్నాయట. జన్యు పరీక్షలో టెట్2, ఏఎస్‌ఎక్స్‌ఎల్1 అని రెండు పేర్లు వచ్చాయి. అజాసైటిడిన్ ఇంజెక్షన్లు నెలకు ఏడు రోజుల చొప్పున రెండు సైకిళ్లు అయ్యాయి. రక్త కణాలు మందు మొదలుపెట్టక ముందు కంటే తగ్గాయి. డాక్టరుగారు కనీసం ఇంకో నాలుగు సైకిళ్లు చేయాలంటున్నారు. "మిథైలేషన్ వల్ల మూసుకుపోయిన జన్యువులను ఈ మందు తెరుస్తుంది" అని చెప్పారు. నేను చదివితే హిస్టోన్లు కూడా జన్యువులను మూస్తాయని తెలిసింది. మరి దానికి కూడా మందు ఉంటే రెండూ కలిపి ఎందుకు ఇవ్వరు? డాలస్‌లో ఉన్న మా అన్నయ్య, మిథైలేషన్ ఆహారంతో వెనక్కి తిరుగుతుందని చెప్పి మిథైల్ ఫోలేట్ మాత్రలు, పసుపు క్యాప్సూల్స్ పంపాడు. ఇంజెక్షన్ కూడా అమెరికాదైతే బాగుంటుంది, పంపుతానంటున్నాడు. ఇక్కడ ఇచ్చే మందు సిరంజిలో పాలలా తెల్లగా ఉంటోంది, పాడైపోయిందేమోనని నాన్నగారి భయం. ఏం చేయమంటారు? ఇది మాకూ వస్తుందా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి కానీ వెంటనే తేల్చాల్సింది ఒక్కటే. మీ అంతట మీరు మందు ఆపకండి. రెండు సైకిళ్ల తర్వాత కణాలు తగ్గడం ఈ మందుతో మామూలుగా జరిగేదే. దాన్ని బట్టి మందు పనిచేయడం లేదని అనుకోవడానికి వీల్లేదు. ఎందుకో చెప్పాలంటే మీరు అడిగిన మిథైలేషన్, హిస్టోన్ల సంగతిలోకే వెళ్లాలి. కొంచెం ఓపికగా చదవండి, వీలైతే నాన్నగారికి కూడా చదివి వినిపించండి. నూలు, కండె తెలిసిన మనిషి కాబట్టి ఈ విషయం ఆయనకు మనకంటే తొందరగా అందుతుంది.

ఒక్కో కణంలో ఉన్న డీఎన్‌ఏను సాగదీస్తే దాదాపు 2 మీటర్లు ఉంటుంది. కంటికి కనిపించనంత చిన్న కేంద్రకంలో అది ఇమడాలి. అందుకే ఆ నూలు కండెలకు చుట్టుకుని ఉంటుంది. ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్లు కలిస్తే ఒక కండె. ఒక్కో కండెకు 147 అక్షరాల పొడవున్న డీఎన్‌ఏ ఒకటిన్నర చుట్టుకు పైగా తిరిగి ఉంటుంది. కండెకు నూలు వదులుగా చుట్టి ఉంటే అక్కడున్న జన్యువును కణం చదవగలదు. బిగిసిపోయి, కండెలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటే చదవలేదు. అక్షరాలన్నీ అక్కడే ఉంటాయి, ఒక్కటి కూడా చెరిగిపోదు. చదివే యంత్రం మాత్రం అక్కడికి చేరలేదు.

ఈ బిగింపును నిర్ణయించే గుర్తులు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి నూలు మీదే. డీఎన్‌ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అతుక్కుంటుంది. ఇదే మీ డాక్టరుగారు చెప్పిన మిథైలేషన్. రెండోది కండె మీద. హిస్టోన్లకు బయటికి పొడుచుకొచ్చిన తోకలుంటాయి. వాటికి ఎసిటైల్ గుంపు తగిలితే నూలు మీద పట్టు సడలుతుంది, దాన్ని తీసేస్తే బిగుస్తుంది. తోకల మీద మిథైల్ కూడా అతుక్కోవచ్చు. అయితే అక్కడ దాని అర్థం చోటును బట్టి మారుతుంది. హెచ్3 అనే హిస్టోన్ తోకలో 4వ స్థానంలో మిథైల్ ఉంటే "తెరిచి ఉంది" అని, 9వ స్థానంలోనో 27వ స్థానంలోనో ఉంటే "మూసి ఉంచు" అని.

చాలాకాలం ఈ రెంటినీ వేర్వేరు పరిశోధకులు వేర్వేరు విషయాలుగా చదివారు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని గట్టిగా తేలింది 1998లో. మిథైల్ ఉన్న డీఎన్‌ఏను వెతికి పట్టుకునే మెక్‌పీ2 అనే ప్రోటీన్ ఒకటుంది. అది ఒంటరిగా రాదు, హిస్టోన్ల నుంచి ఎసిటైల్‌ను ఊడదీసే ఎంజైములను వెంటబెట్టుకుని వస్తుందని ఆ ఏడాది రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. అంటే నూలు మీద గుర్తు పడితే కండె కూడా బిగుస్తుంది. తర్వాతి ఏళ్లలో ఇదే సంబంధం అటు నుంచి కూడా కనబడింది. హిస్టోన్ తోకలో 4వ స్థానంలో తెరిచి ఉంచే గుర్తు ఉన్నంతసేపు, కొత్తగా మిథైల్ పెట్టే డీఎన్‌ఎమ్‌టీ3ఏ ఎంజైమ్ అక్కడ పని మొదలుపెట్టలేదు. ఆ గుర్తు పోతే దానికి దారి దొరుకుతుంది. 9వ స్థానంలో మూసే గుర్తు ఉంటే, కణం విభజన చెందేటప్పుడు పాత మిథైల్ గుర్తులను కొత్త పోగు మీదకు నకలు చేసే యంత్రాంగానికి అది ఆసరా ఇస్తుంది.

క్యాన్సర్ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది 2007లో మూడు బృందాలు కనిపెట్టిన సంగతి. పిండ దశలోని మూలకణాల్లో కొన్ని జన్యువులు హిస్టోన్ గుర్తుతో, అంటే 27వ స్థానంలోని మిథైల్‌తో, తాత్కాలికంగా మూసి ఉంటాయి. అవసరమైనప్పుడు తెరవడానికి వీలుగా ఉండే మూత అది. క్యాన్సర్ కణాల్లో చూస్తే, డీఎన్‌ఏ మిథైలేషన్‌తో శాశ్వతంగా మూతపడిన జన్యువుల్లో చాలా భాగం సరిగ్గా ఇవే. గొళ్లెం మాత్రమే పెట్టి ఉన్న తలుపును మేకులు కొట్టి బిగించేసినట్టు. కణం ఎదిగి తన పని తాను చేసుకోవడానికి కావలసిన జన్యువులు అలా మూతపడితే, ఆ కణం ఎదగకుండానే విభజన చెందుతూ పోతుంది. మీ నాన్నగారి మూలుగలో ఉన్న బ్లాస్టులు అలా ఎదగని కణాలే.

ఇప్పుడు ఆయన రిపోర్టులోని రెండు పేర్లు చూడండి. టెట్2 అనేది డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తును తొలగించే పనిని మొదలుపెట్టే ఎంజైమ్. ఏఎస్‌ఎక్స్‌ఎల్1 హిస్టోన్ల మీద గుర్తులు పెట్టే, తీసే యంత్రాంగాలకు తోడుగా ఉండే ప్రోటీన్. ఒక దెబ్బ నూలు వైపు, ఒక దెబ్బ కండె వైపు. మీరు రెండో వైపు గురించి అడగడం తప్పేమీ కాదు. ఆయన మూలుగలో నిజంగానే రెండు వైపులా లోపం ఉంది. ఏఎస్‌ఎక్స్‌ఎల్1 లోపం ఉన్నవారిలో జబ్బు కొంత మొండిగా ఉంటుందని కూడా చెప్పాలి. దాచడం వల్ల మీకు మేలు జరగదు.

మరి రెండు వైపులా మందు ఎందుకు ఇవ్వరు? ప్రయోగశాలలో ఈ ఆలోచనకు గట్టి బలమే దొరికింది. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో స్టీఫెన్ బేలిన్ బృందం పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద ఒక ప్రయోగం చేసింది. ఎమ్‌ఎల్‌హెచ్1 వంటి జన్యువులు ఆ కణాల్లో మిథైలేషన్‌తో మూతపడి ఉన్నాయి. హిస్టోన్ల నుంచి ఎసిటైల్ ఊడిపోకుండా ఆపే మందు ఒక్కటే వేస్తే ఆ జన్యువులు కదలలేదు. మిథైలేషన్‌ను తగ్గించే మందు కొద్ది మోతాదులో ముందు వేసి, తర్వాత రెండోది వేస్తే మాత్రం గట్టిగా తెరుచుకున్నాయి. నూలు మీది మిథైలేషన్‌దే ప్రధానమైన పట్టు, కండె బిగింపు దానికి తోడు అని దీంతో అర్థమైంది.

నేను ల్యాబులో పనిచేసిన రోజుల్లో ఇలాంటి కణాలతోనే కొన్నేళ్లు గడిపాను. మందు వేసిన కొద్ది రోజులకు, అప్పటివరకు ఖాళీగా ఉన్న చోట జెల్ మీద సన్నటి గీత కనబడేది. మూతపడిన జన్యువు పనిచేస్తోందని ఆ గీతకు అర్థం. మొదటిసారి చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. తర్వాత మందు తీసేసి అవే కణాలను పెంచుతూ పోతే, వారాలు గడిచేకొద్దీ గీత పలచబడి, చివరికి ఆ చోటు మళ్లీ ఖాళీ అయిపోయేది. మిథైల్ పోయినా హిస్టోన్ల మీద మూసే గుర్తులు కొన్ని మిగిలిపోతాయి, జన్యువు మళ్లీ మూసుకోవడానికి అవి దారి చూపుతాయి. నెల నెలా మందు ఎందుకివ్వాలని ఎవరడిగినా నాకు ముందు ఆ ఖాళీ చోటే కళ్ల ముందు కదులుతుంది.

మనుషుల్లో మాత్రం రెండు మందుల జోడీ ఆశించినట్టు పనిచేయలేదు. ఉత్తర అమెరికాలో 277 మంది రోగులతో చేసి, 2017లో ఫలితాలు ప్రచురించిన ఎస్1117 అనే పరీక్షలో, అజాసైటిడిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 38 శాతం మందికి గుణం కనబడింది. దానికి తోడు హిస్టోన్ల మీద పనిచేసే వొరినోస్టాట్ కూడా తీసుకున్నవారిలో అది 27 శాతమే. గణాంకాల లెక్కలో ఈ తేడా మరీ గట్టిది కాకపోయినా, అదనపు ప్రయోజనం లేదన్నది మాత్రం స్పష్టం. దుష్ఫలితాల వల్ల మోతాదులు తగ్గించాల్సి రావడం, మధ్యలో మానేయడం కూడా ఆ జోడీ తీసుకున్నవారిలో ఎక్కువ. ఎంటినోస్టాట్ అనే మరో మందును జతచేసిన పరీక్షలోనూ లాభం కనబడలేదు. దీనికి పరిశోధకులు చెప్పే ఒక కారణం నాకు సబబుగా తోస్తుంది. విభజన చెందుతున్న కణం కొత్త డీఎన్‌ఏ తయారు చేసుకునేటప్పుడే అజాసైటిడిన్ అందులో ఇమడగలదు. హిస్టోన్ మందులేమో కణ విభజననే నిలిపేస్తాయి. ఒక మందు పనిచేయడానికి కావలసిన పరిస్థితిని రెండోది లేకుండా చేస్తుందన్నమాట. పైగా అవి ఒక జన్యువు దగ్గరే ఆగవు, కణంలో ఎక్కడెక్కడి కండెలనో కదిలిస్తాయి. కాబట్టి మీ డాక్టరుగారు రెండో మందు ఇవ్వకపోవడం అశ్రద్ధ కాదు, సరైన నిర్ణయం.

అజాసైటిడిన్ పనితీరులోనే మీ అసలు ప్రశ్నకు జవాబుంది. సైటోసిన్ అనే అక్షరానికి ఇది నకలు. ప్రాగ్ నగరంలో 1960లలో దీన్ని తయారు చేసినప్పుడు మామూలు కీమో మందుగానే చూశారు. ఇది పెద్ద మోతాదులో కణాలను చంపుతుంది. చిన్న మోతాదులో డీఎన్‌ఏలో చేరి, మిథైల్ గుర్తులను నకలు చేయడానికి వచ్చిన ఎంజైమ్‌ను అక్కడే అతికించేస్తుంది. ఆ ఎంజైమ్ నశిస్తుంది. దాంతో కణం విభజన చెందిన ప్రతిసారీ పాత గుర్తులు కొత్త పోగు మీదకు ఎక్కకుండా పలచబడుతూ వస్తాయి. ఉన్న గుర్తును ఇది చెరిపేయదు, నకలు కాకుండా ఆపుతుంది, అంతే. అందుకే విభజన మీద విభజన, సైకిల్ మీద సైకిల్ పడుతుంది. ఈలోగా వేగంగా విభజన చెందే మంచి కణాలకు కూడా దెబ్బ తగులుతుంది కాబట్టి, మొదటి రెండు మూడు నెలల్లో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోతాయి. మీరు చూస్తున్నది ఇదే కావచ్చు.

358 మందితో జరిగి 2009లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో, ఎక్కువ ప్రమాదమున్న ఈ జబ్బులో అజాసైటిడిన్ తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 24.5 నెలలు, అప్పటి ఇతర చికిత్సలు పొందినవారిది 15 నెలలు. ఆ రోగుల్లో గుణం కనబడినవారిని చూస్తే, సగం మందికి రెండో సైకిల్ లోపు కనబడింది. కానీ పదిమందిలో తొమ్మిదిమందికి కనబడడానికి ఆరో సైకిల్ దాకా ఆగాల్సి వచ్చింది. డాక్టరుగారు ఇంకో నాలుగు అనడం ఈ లెక్కతోనే. రెండింటికే ఆపేస్తే ఆ దుష్ఫలితాలన్నీ భరించి, ఫలితం వచ్చే సమయానికి వెనుదిరిగినట్టవుతుంది. మధ్యలో బ్లాస్టులు పెరుగుతున్నట్టు తేలితే అది వేరే సంగతి. అప్పుడు డాక్టరుగారే దారి మారుస్తారు.

ఈ నాలుగు నెలల్లో ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. థర్మామీటరు ఆయన మంచం దగ్గరే ఉంచండి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటితే, అర్ధరాత్రయినా సరే, మాత్ర వేసి తెల్లవారే దాకా చూద్దామని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెల్లకణాలు తక్కువగా ఉన్న మనిషికి ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. ఈ జబ్బులో ప్రాణం మీదకు తెచ్చేవాటిలో ఇదొకటి. ఒళ్లు నొప్పులకు ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటివి ఇవ్వకండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు వాటితో రక్తస్రావం అవుతుంది. వీధి చివర మందుల దుకాణంలో కండకు ఇంజెక్షన్ చేయించకండి. ఆదివారం ఇంజెక్షన్ ఇచ్చేవారు లేకపోతే సైకిల్‌ను పక్క నెలకు నెట్టకుండా, ఐదు రోజులిచ్చి, రెండు రోజులు ఆపి, మళ్లీ రెండు రోజులిచ్చే పద్ధతి ఉంది. దాని గురించి అడగండి. మూలకణ మార్పిడి గురించి కూడా అడగండి. ఈ జబ్బును పూర్తిగా నయం చేయగలిగే చికిత్స ఇప్పటికి అదొక్కటే. 67 ఏళ్లకు అది తేలిక కాదు. ఆయన గుండె, మూత్రపిండాల పరిస్థితిని బట్టి కుదరదని డాక్టరుగారు అనవచ్చు. అయినా ఆ మాట అడగకుండా వదిలేయకండి.

ఇక మీ అన్నయ్య పంపిన మాత్రలు. దూరంగా ఉన్న కొడుకు ఏదో ఒకటి చేయాలని తపించడం నాకు అర్థమవుతుంది, ఆయనను కోప్పడకండి. కానీ ఆ మాత్రలు వాడకండి. మిథైలేషన్‌కు "సాయం" చేస్తాయని చెప్పే మాత్రల వెనక ఒక పొరపాటు ఉంది, క్యాన్సర్‌లో మిథైల్ తక్కువో ఎక్కువో అయిందని అనుకోవడం. 1983లోనే పెద్దపేగు క్యాన్సర్‌ను పరిశీలించిన ఫైన్‌బర్గ్, ఫోగెల్‌స్టైన్ అందులోని జన్యువుల్లో మిథైల్ గుర్తులు తగ్గిపోయాయని చూపించారు. తర్వాత అలాంటి కణాల్లోనే క్యాన్సర్‌ను అదుపుచేసే కొన్ని జన్యువుల ముంగిట మిథైల్ గుట్టలుగా పడి ఉండడం కనబడింది. మొత్తమ్మీద తక్కువ, ఉండకూడని చోట ఎక్కువ. లోపం సరుకులో లేదు, ఎక్కడ పెట్టాలనే నిర్ణయంలో ఉంది. సరుకు ఎంత పంపినా అది ఎక్కడికి చేరాలో మాత్ర చెప్పలేదు.

ఫోలేట్ విషయంలో మనవాళ్లకు దగ్గరి చరిత్ర ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు, లుకేమియాతో ఉన్న పిల్లలకు దాని సంబంధిత పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గడానికి బదులు ఎగదోసినట్టు అనిపించింది. ఆయన వెంటనే ఆలోచన తిప్పుకుని, ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను అదే సుబ్బారావుగారి బృందం నుంచి తెప్పించి వాడారు. కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ జబ్బు వేరు, మీ నాన్నగారి జబ్బు వేరు. కానీ వేగంగా విభజన చెందే చెడ్డ కణాలున్న మూలుగకు పరీక్ష లేకుండా ఫోలేట్ పంపడం ఎందుకు మంచిది కాదో దీన్ని బట్టి తెలుస్తుంది. రక్తపరీక్షలో ఫోలేట్, బీ12 నిజంగా తక్కువుంటే డాక్టరుగారే రాస్తారు.

పసుపు కూరలో, చారులో ఎప్పటిలా వేసుకోండి. క్యాప్సూల్స్ వద్దు. గాజు పళ్లెంలోని కణాల మీద పసుపులోని కర్‌క్యుమిన్ ఏవేవో చేస్తుందని వ్యాసాలున్నాయి గానీ, ఈ జబ్బును అది వెనక్కి తిప్పిందని మనుషుల్లో రుజువు కాలేదు. గాఢమైన పసుపు క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్న కేసులు మాత్రం నమోదయ్యాయి. ఇప్పటికే ఏవైనా వాడి ఉంటే డాక్టరుగారికి దాచకుండా చెప్పండి.

ఇది మీకు వస్తుందా అన్నారు. ఈ వయసులో కనబడే టెట్2, ఏఎస్‌ఎక్స్‌ఎల్1 మార్పులు సాధారణంగా పుట్టుకతో వచ్చినవి కావు. వయసుతో పాటు మూలుగలోని ఏదో ఒక కణంలో ఏర్పడినవి. పిల్లలకు అందవు. మీ వైపు ఇంకెవరికైనా చిన్న వయసులో రక్త జబ్బులు వచ్చి ఉంటే తప్ప మీరు పరీక్షలకు పరిగెత్తనక్కర్లేదు.

అమెరికా మందు గురించి అన్నయ్యకు ఈ ముక్క చెప్పండి. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ తన జెనెరిక్ అజాసైటిడిన్‌ను 2013లో అమెరికా మార్కెట్లోకే పంపింది. అక్కడి నుంచి తెప్పించడం కోసం సైకిల్ ఆలస్యం చేయడం వల్లే నష్టం.

నాన్నగారి భయం కూడా తీరుద్దాం. ఈ మందు సీసాలో తెల్లటి పొడిగా వస్తుంది. 100 మిల్లీగ్రాముల సీసాలో 4 మిల్లీలీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కలిపితే అది పూర్తిగా కరగదు, పాలలా తెల్లగా మసకబారి ఉంటుంది. చర్మం కింద ఇచ్చేటప్పుడు అలాగే ఉండాలి. కాసేపు ఉంచితే పొడి అడుగుకు దిగుతుంది. అందుకే ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సు సిరంజిని రెండు అరచేతుల మధ్య గట్టిగా దొర్లించి మళ్లీ కలపాలి. ఫ్రిజ్‌లో పెట్టకపోతే కలిపిన గంట లోపు ఇచ్చేయాలి. పొట్ట, తొడ, జబ్బ మార్చి మార్చి ఇవ్వాలి, పాత సూది గుర్తుకు కనీసం ఒక అంగుళం ఎడంగా. గుచ్చిన చోట ఎర్రబడడం మామూలే. మూడో సైకిల్ మొదటి రోజున నాన్నగారినే ఆ సిరంజి చూడమనండి. నర్సు దొర్లించడం మరిచిపోతే ఆయనే గుర్తుచేయవచ్చు.